బీడీల ఇంట్లో పొగ వద్దంటే

పల్లెటూళ్ళలో పొగ గురించి అవగాహన లేదు, చెప్తే మారతారు అని పట్నంలో కూర్చుని అనేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది. మా అత్తగారి ఊరు జగిత్యాల జిల్లాలో, కోరుట్లకు దగ్గర. అక్కడ పొగాకు సంగతి తెలియని ఇల్లు ఒక్కటి చూపించమనండి. మా అత్తమ్మ కాపురానికి వచ్చినప్పటి నుంచి మోకాళ్ళు మొరాయించేదాకా బీడీలే చేసింది. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన తడి గుడ్డలో తునికాకు, చేతిలో కత్తెర. కొలత పెట్టి ఆకు కత్తిరించడం, చిటికెడు తంబాకు పరిచి చుట్టడం, చివరలు మడిచి దారం కట్టడం, అంతా సీరియల్ చూస్తూనే అయిపోయేది. చూపు టీవీ మీద, వేళ్ళ దారి వేళ్ళది. ఇరవై ఐదు బీడీలకు ఒక కట్ట. ఆ కట్టలు కార్ఖానాలో అప్పజెప్పి తెచ్చిన డబ్బుతోనే మా ఆయన డిగ్రీ అయింది, ఆడపడుచు పెళ్ళయింది. ఇప్పుడు ఆమెకొచ్చే 2,016 రూపాయల పింఛను కూడా బీడీ కార్మికురాలిగానే. తెలంగాణ వచ్చాక 2015లో వెయ్యి రూపాయలతో మొదలైన పింఛను అది.

ఇక నేను పుట్టి పెరిగింది హైదరాబాద్‌లోనే, రాంనగర్‌లో. గాలి మా వైపు తిరిగితే ఆజమాబాద్ సిగరెట్ ఫ్యాక్టరీ నుంచి పొగాకు వాసన వచ్చేది. ఇప్పుడు ఇందిరా పార్కు దగ్గర ఎక్కిన స్టీల్ బ్రిడ్జి దిగేది ఆ ఫ్యాక్టరీ దగ్గరే. కాబట్టి పొగాకు విషయంలో మా పుట్టింటివాళ్ళేదో శుద్ధులని చెప్పే ఉద్దేశం నాకు లేదు. మా నాన్న ఇంట్లోనే తాగేవాడు. అమ్మ యాష్‌ట్రే కడిగేది. అంతే, దాని మీద ఎప్పుడూ చర్చ లేదు.

చర్చ మొదలైంది మా పాపకు ఆయాసం వచ్చాక.

మేముండేది చింతల్‌లో, మూడో అంతస్తులో, లిఫ్ట్ లేని బిల్డింగులో. ఊరి నుంచి ఎవరు ఆసుపత్రి పని మీద వచ్చినా మా ఇంట్లోనే దిగుతారు. నిమ్స్‌లో చూపించుకోవాలన్నా, రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి పోవాలన్నా ముందు మా ఇంటికి వచ్చి బ్యాగు పెట్టాల్సిందే. అది నాకు కష్టమేమీ కాదు. మామయ్య కూడా చలికాలంలో మోకాళ్ళ నొప్పులని వచ్చి ఉంటాడు. ఆయనకు లేవగానే బీడీ, టీ తాగాక బీడీ, అన్నం తిన్నాక బీడీ. తాగేది బాల్కనీలో. ఆ బాల్కనీకీ పాప పడుకునే గదికీ మధ్య ఒక కిటికీ, దానికి దోమల జాలీ. జాలీ దోమల్ని ఆపుతుంది.

ఒక రాత్రి పాపకు పిల్లికూతలు ఎక్కువై క్లినిక్‌కు తీసుకెళ్ళాం. నెబ్యులైజర్ పెడుతూ డాక్టరు అడిగారు, "ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా?" మా ఆయన తడుముకోకుండా "లేదండీ" అన్నాడు. నేను ఆయన ముఖం చూశాను. అబద్ధం చెప్తున్న ముఖం కాదది. ఆయన లెక్కలో ఇంట్లో ఎవరూ తాగడం లేదు, నిజంగానే. తాగేవాడు తన నాయిన, తాగేది బాల్కనీలో. ఊళ్ళో అయితే అరుగు మీద. అరుగు మీద తాగితే ఇంట్లో తాగినట్టు ఎట్లా అవుతుంది?

ఈ లెక్క మా ఆయనొక్కడిదే కాదు, ఊరందరిదీ. మా ఇంట్లో పొగ లేదని చెప్పే ఇళ్ళలో కూడా అరుగు, వాకిలి, ఫ్యాను కింద కిటికీ పక్కన, చుట్టాలొచ్చినప్పుడు, వానొచ్చినప్పుడు, చలి ఎక్కువైనప్పుడు, ఇవన్నీ మినహాయింపులే. తలుపు తీసే ఉంది కదా అన్నది పెద్ద ధైర్యం. కానీ పొగ ఆ తలుపులోంచే లోపలికి కూడా వస్తుంది. అమెరికా సర్జన్ జనరల్ 2006లో ఇచ్చిన నివేదిక ఈ విషయంలో నీళ్ళు నమలకుండా చెప్పింది. పక్కవాళ్ళ పొగ ఇంత వరకు పీల్చినా ఫరవాలేదు అనే మోతాదే లేదు. కిటికీలు తెరిచినా, ఫ్యాన్లు పెట్టినా, తాగేవాళ్ళను వేరే గదిలో కూర్చోబెట్టినా పూర్తిగా పోదు. పిల్లల్లో ఆస్తమా ముదరడం, చెవి ఇన్ఫెక్షన్లు, ఊపిరితిత్తుల జబ్బులు, అన్నీ అందులో ఉన్నాయి. పైగా బీడీ సన్నగా ఉంటుంది, దాంట్లో ఏముంటుందిలే అని మనవాళ్ళకొక చులకన. సిగరెట్ కంటే బీడీలో పొగాకు తక్కువే, కానీ అది ఆరిపోకుండా గట్టిగా, మళ్ళీ మళ్ళీ లాగాలి. దాంతో లోపలికి పోయే తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్‌కు ఏమాత్రం తీసిపోవు.

ఇవన్నీ తెలిశాక ఏం చేయాలి? మామయ్యకు చెప్పాలి. ఎవరు చెప్పాలి?

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. కోడలు మామకు చెప్పకూడదు. కొడుకు బాపుకు చెప్పలేడు, ఆయన ముందు సిగరెట్ ముట్టించనివాడు ఆయన్ను ఆర్పమని ఎట్లా అంటాడు? ఇంటికొచ్చిన చుట్టాన్ని ఇంటివాళ్ళు అనకూడదు. వయసులో పెద్దవాణ్ణి చిన్నవాళ్ళు అనకూడదు. మరి తాగేవాళ్ళలో ఎక్కువమంది పెద్దవాళ్ళో, చుట్టాలో, ఇంటి యజమానులో అయితే ఇక నోరు తెరిచే హక్కు ఎవరికుంది? పొగ ఆరోగ్యానికి హానికరం అని గోడ మీద రాస్తే ఈ ముడి విడిపోతుందా?

దానికి తోడు పొగాకంటే మర్యాద. మా బావ, అంటే మా ఆయన అన్న, దుబాయిలో ఉంటాడు. ఆయన సెలవు మీద వస్తే పెట్టెలో అత్తరు, చాక్లెట్లు, బాదం పలుకులతో పాటు సిగరెట్ డబ్బాలు ఉండాల్సిందే. పెద్దమనుషులకు ఒక్కో పాకెట్ చేతిలో పెట్టకపోతే, గల్ఫ్ పోయొచ్చి ఒక్క సిగరెట్ కూడా పెట్టలేదన్న మాట ఊళ్ళో మిగిలిపోతుంది. పంచాయితీ కూర్చుంటే బీడీ కట్ట తెరవాలి. ఆఖరికి మనిషి పోయాక పిట్టకు పెట్టేటప్పుడు కూడా ఆయనకు ఇష్టమని కల్లుతో పాటు బీడీ కట్ట విస్తరి పక్కన పెడతారు. మా చిన్నమామకు పెట్టడం నేనే చూశాను. ఆయన దగ్గి దగ్గి పోయాడని అక్కడున్న అందరికీ తెలుసు.

ప్రభుత్వం సంగతి సరే సరి. 2003 పొగాకు నియంత్రణ చట్టం, దాని కింద 2008 అక్టోబరు 2 నుంచి వచ్చిన నియమాలు బస్టాండులో, ఆఫీసులో, హోటల్లో తాగొద్దంటాయి, తాగితే 200 రూపాయల దాకా జరిమానా. ఇంటి గడప దగ్గర చట్టం ఆగిపోతుంది. ఆగడమే మంచిదంటాను నేను. పోలీసొచ్చి మా మామయ్య బీడీ లాక్కోవాలని నాకేమీ లేదు. కానీ పిల్లలు ఎక్కువసేపు ఉండేది బస్టాండులో కాదు కదా. 2016-17లో దేశమంతటా చేసిన పొగాకు సర్వేలో పెద్దవాళ్ళలో 38.7 శాతం మంది ఇంట్లోనే పక్కవాళ్ళ పొగ పీలుస్తున్నారని తేలింది. 2009-10 సర్వేలో అది 52.3 శాతం. అంటే తగ్గుతోంది. ఎవరో ఎక్కడో గడపల దగ్గర ఆ మాట అంటూనే ఉన్నారన్నమాట. ఈ బాధ పట్నాల్లో కంటే పల్లెల్లోనే ఎక్కువని కూడా అదే సర్వే చెప్పింది.

నేను మొదట అత్తమ్మ దగ్గరకే పోయాను. ఆమె వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతోంది. పాప సంగతి, డాక్టరు అడిగిన సంగతి చెప్పాను. ఆమె అన్నది, "బీడీ పొగకే గింత భయపడ్తె ఎట్ల బిడ్డా? మేం కట్టెల పొయ్యి ముంగట ఎంత పొగ మింగినం! మీ ఆయన పొయ్యి కాడనే పెరిగిండు." ఆ వాదనకు నా దగ్గర జవాబు లేక కాదు, కానీ అందులో నిజం ఉంది. కట్టెల పొయ్యి పొగ తక్కువ ప్రమాదమేమీ కాదు. ఆ ఇంటి పాత వంటగదిలో పైకప్పు దూలాలు ఇప్పటికీ నల్లగా నిగనిగలాడుతుంటాయి, వేలితో గీస్తే మసి జిడ్డుగా అంటుతుంది. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం వచ్చాక వాళ్ళింటికి గ్యాస్ వచ్చిందట. సిలిండర్ దించిన రోజు ఆమె పొయ్యికి బొట్టు పెట్టి దండం పెట్టిందట.

"మరి పొయ్యి పొగ బయటికి పోయింది కదా అత్తమ్మా, ఇదెందుకు లోపలే ఉండాలె?" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. ఆడవాళ్ళ పొగ కాబట్టి అది పోతే అందరూ సంతోషించారు. ఇది మగవాళ్ళ పొగ. ఈ ముక్క నేను పైకి అనలేదు. ఆమెకు వినిపించే ఉంటుంది.

మగవాళ్ళ పొగ అన్నానని మా ఆఫీసులో శ్రీకాకుళం అమ్మాయి నన్ను సరిదిద్దింది. వాళ్ళ వైపు పొగాకు మగవాళ్ళ సొత్తేమీ కాదు. వాళ్ళ నాయనమ్మ అడ్డపొగ తాగేదట, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. ఉత్తర కోస్తా ఊళ్ళలో పెద్ద వయసు ఆడవాళ్ళకు అది మామూలు. దాంతో అంగిలికి క్యాన్సర్ వస్తుందని డాక్టర్లు ఎప్పటి నుంచో రాస్తున్నారు. "మా నాయనమ్మను ఇంట్లో తాగొద్దనే మగాడు పుట్టలేదు" అంది. సరే, ఊరికొక పెద్దరికం.

అత్తమ్మను కదిలించింది మాత్రం ఒక జపాన్ ముచ్చట. తకేషీ హిరయామా అనే ఆయన 1981లో ప్రచురించిన అధ్యయనం గురించి ఫోన్‌లో చదివి ఆమెకు చెప్పాను. పొగ తాగని, నలభై దాటిన 91,540 మంది పెళ్ళైన ఆడవాళ్ళను పద్నాలుగేళ్ళ పాటు గమనించారు. మొగుడు ఎంత ఎక్కువ తాగితే, జన్మలో సిగరెట్ ముట్టని పెళ్ళానికి ఊపిరితిత్తుల క్యాన్సర్ అంత ఎక్కువగా వచ్చింది. నలభై నుంచి యాభై తొమ్మిదేళ్ళ మొగుళ్ళున్న వ్యవసాయ కుటుంబాల్లో ఆ సంబంధం మరీ స్పష్టంగా కనిపించింది. అత్తమ్మ చిక్కుళ్ళు పక్కన పెట్టింది. "ఆళ్ళు గూడ ఎవుసం జేసెటోళ్ళేనా?" అని అడిగింది. అవునన్నాను. కాసేపాగి, "మీ మామకు నువ్వేం చెప్పకు. నేను జూస్త" అంది.

ఆ తర్వాత ఊరికి పోయినప్పుడు చూస్తే అరుగు మీద ఎప్పుడూ ఉండే రెండు ప్లాస్టిక్ కుర్చీలు లేవు. వాకిలి దాటి, గేటు పక్కన వేపచెట్టు కింద ఉన్నాయి. చెట్టుకు మేకు కొట్టి పాత హార్లిక్స్ డబ్బా వేలాడదీసింది, అందులో అగ్గిపెట్టె. అగ్గిపెట్టె ఇంట్లోకి రావద్దు, అదొక్కటే ఆమె పెట్టిన రూలు. గ్యాస్ పొయ్యికి లైటర్ ఉంది, దేవుడి దీపానికి వేరే అగ్గిపెట్టె ఆమె కొంగు ముడిలో ఉంటుంది. ఎవరైనా వచ్చి జేబులో చెయ్యి పెడితే చాలు, "ఆ చెట్టు కింద గాలి మంచిగొస్తది, ఆడ కూసోండ్రి, చాయ్ ఆడికే తెస్త" అంటుంది. వద్దు అన్న మాటే లేదు. ఎవరైనా ఎందుకమ్మా అని అడిగితే, "మనుమరాలికి ఆయాసం" అంటుంది. మనుమరాలు చింతల్‌లో స్కూలుకు పోతుంటుంది. ఆమె ఆయాసం మాత్రం పన్నెండు నెలలూ ఆ ఊళ్ళోనే ఉంటుంది.

నాకు అప్పుడర్థమైంది, నేను వెతికిన దారి తప్పేమీ కాదు, కానీ దాని మీద నడవగలిగింది ఆమె, నేను కాదు. బీడీ తాగడాన్ని గడప బయట చెప్పులు విడిచినట్టు చేసేసింది. చెప్పులు విడవమంటే ఎవరూ తమ కాళ్ళను అవమానించారని అనుకోరు కదా. సర్పంచైనా, వియ్యంకుడైనా విడిచే వస్తాడు. మనిషిని ఏమీ అనకుండా ఇంటికి ఒక పద్ధతి పెట్టడం. పైగా ఆమె నలభై ఏళ్ళు బీడీలు చేసిన మనిషి. పొగాకు మీద ఆమెకు లేని అధికారం ఇంకెవరికుంది?

మామయ్య ఊరికే ఒప్పుకున్నాడనుకోకండి. కొన్నాళ్ళు అలిగి అన్నం కూడా చెట్టు కిందికే తెప్పించుకున్నాడట. తర్వాత వార్తల టైముకు గడప దగ్గరికి జరిగి, ఒక కన్ను టీవీ మీద, చేయి బయట పెట్టి తాగడం మొదలుపెట్టాడు. అత్తమ్మ టీవీ బంద్ చేసింది. వానాకాలంలో మాత్రం నిజంగానే ఇబ్బంది, అప్పుడు బర్రెల కొట్టం ఇచ్చింది. "మరి బర్రెకు పొగ తగలదా నానమ్మా?" అని మా పాప అడిగితే పెద్దవాళ్ళెవరూ జవాబు చెప్పలేదు.

మానేయించడం వేరే సంగతి, అది ఆమె వల్ల కూడా కాలేదు. కట్ట కొనగానే ఆయన చేసే మొదటి పని దాని మీద కాగితం చింపేయడం. జబ్బు బొమ్మ, పక్కనే మానేయాలనుకుంటే ఫోన్ చేయమని 1800-11-2356 నంబరు, అన్నీ ఆ కాగితం మీదే ఉంటాయి. బీడీలను పాత స్టీలు డబ్బాలోకి సర్దుకుంటాడు. కాకపోతే ప్రతిసారీ లేచి చెట్టు దాకా నడవాలంటే మోకాళ్ళు ఒప్పుకోక తాగడం తగ్గిందని అత్తమ్మ అంటుంది. మా ఇంటికి వచ్చినప్పుడు ఇప్పుడు బాల్కనీ బంద్. ఒక అంతస్తు ఎక్కితే టెర్రస్, వాటర్ ట్యాంకు నీడన కుర్చీ వేశాం. తాగొచ్చాక చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకునే పాపను ఎత్తుకుంటాడు. చొక్కా సంగతి నేను చెప్పలేదు. పాపే "తాతా, వాసన" అని ముక్కు మూసుకుంది. అవే మాటలు నేనంటే ఊరంతా తెలిసేది.

బావ సంగతి ఇంకా తేలలేదు. పోయిన దసరాకు వచ్చి, ఏసీ గదిలో తలుపేసుకుని తాగాడు. వదిన ఆ గదిలోనే పడుకోవాలి. అత్తమ్మ కడుపున పుట్టినవాడే కాబట్టి ఆమె గట్టిగానే అంది, కానీ సంపాదించే కొడుకు, రెండేళ్ళకోసారి వచ్చేవాడు, ఎంతని అంటుంది? వచ్చే ఏడు ఏసీ రిమోట్ కూడా కొంగున కడతానని ఫోన్‌లో అంటోంది. చేసినా చేస్తుంది.

ఇంతలో నాకు హైదరాబాద్‌లోనే కొత్త బెడద మొదలైంది. మా బిల్డింగులో బాత్‌రూములన్నిటికీ కలిపి ఒకటే డక్ట్. కింది ఫ్లాటులో ఎవరో రాత్రి పదకొండింటికి బాత్‌రూములో తాగితే ఆ పొగ తిన్నగా మా ఎగ్జాస్ట్ ఫ్యాను రంధ్రంలోంచి వస్తుంది. బిల్డింగ్ వాట్సాప్ గ్రూపులో మర్యాదగా, ఎవరి పేరూ ఎత్తకుండా పెట్టాను. పదిమంది బొటనవేలు గుర్తు పెట్టారు. ఒకాయన "ఎవరి ఇల్లు వాళ్ళ ఇష్టం మేడమ్" అన్నాడు. ఆ వెంటనే ఎవరో నీళ్ళ ట్యాంకర్ డబ్బుల గురించి అడిగారు, నా మెసేజ్ పైకి వెళ్ళిపోయింది. ఊళ్ళో అయితే ఎవరికి ఎవరు ఏమవుతారో చూసుకుని, ఎవరితో చెప్పించాలో ఆలోచించుకోవచ్చు. ఇక్కడ కింది ఫ్లాటువాళ్ళ పేర్లు కూడా నాకు తెలియవు.

అత్తమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "కిందికి పోయి వాళ్ళ అవ్వతోని మాట్లాడు" అంది. వాళ్ళ అవ్వ ఎక్కడో నెల్లూరులోనో కడపలోనో ఉంటుంది, ఉండేది ముగ్గురు బ్యాచిలర్ పిల్లలు అన్నాను. "అయితే కూర పట్టుకపో" అంది. ఈ ఆదివారం వెళ్దామనుకుంటున్నాను. మా ఆయన్ను పంపితే క్రికెట్ మాట్లాడి వచ్చేస్తాడు.